బార

మనిషి పేరే గిడ్డయ్య.
పొడుగువాళ్లను వెతకడం ఆయన పని.
గుంతకల్లులో ఈ మాటకు నవ్వనివాడు లేడు,
అందరికంటే ముందు నవ్వేది ఆయనే.

రైల్వే ఇన్‌స్టిట్యూట్ వెనక
తాడిపత్రి బండలు పరిచిన కోర్టు.
బండకూ బండకూ నడుమ సందు.
ఆ సందున పడితే ఎటు లేస్తుందో
బంతికే తెలియదు.
"చెక్కనేల మీద ఎవడైనా ఆడతాడు మే,
ఈడ ఆడు" అనేవాడు.
రింగుకు వల ఎర్రగడ్డల సంచి.
బంతి దిగితే
పొట్టు రాలేది.

తెల్లారి అయిదుకు ఈల.
గ్యాంగ్‌మన్ బిడ్డలం, పాయింట్స్‌మన్ బిడ్డలం,
రాత్రి సంగటి అరక్కముందే పరిగెత్తేవాళ్లం.
ఆయన మాత్రం మాకు వీపు తిప్పి నిలబడేవాడు.
"ముందు పాదాలు వినాల. కండ్లు అబద్ధాలు చెప్తాయి."
జేబులో దర్జీ టేపు ఉండేది, దాన్నీ నమ్మడు.
అరచేతికి జాన, కాలికి మూర,
గోడకు ఆనించి చేతులు చాపించి
బార.
నన్ను రెండుసార్లు కొలిచినాడు.
"సుంకూ, నిలువు కంటే నీ బార నాలుగు వేళ్లు ఎక్కువ.
దేవుడు పైన కత్తిరించి పక్కల అతికించినాడు."
ఆ ఒక్క మాట మీద పదకొండేళ్లు ఆడినాను.
స్టేట్ దాకా,
ఈ టికెట్ కలెక్టర్ నల్లకోటు దాకా.

ఒక ఏడు సెర్బియా నుంచి ఒకాయన దిగినాడు
ఆరడుగుల తొమ్మిదంగుళాల మారెప్పను చూసేకి.
సార్ అడ్డం పోయినాడు.
"వాడు కాదు. మోకాళ్లు రెండేళ్లలో పోతాయి.
ఆ మూల నీళ్లు తాగుతున్నాడే, దస్తగిరి, వాడిని చూడు.
పదహారేళ్లు. ఎంత పెరగాల్నో వానికే ఇంకా తెలీదు."
మారెప్ప వాళ్ల నాయన సార్‌తో మళ్లీ మాట్లాడలేదు.
మూడేండ్లకు ఆ క్లబ్బు జాబు రాసింది,
పిల్లోని గురించి కాదు, సార్ గురించి.

యాభై రెండో ఏట పాస్‌పోర్టు.
డకార్, లుబుంబాషి, ఉలాన్‌బాతర్.
ఫోన్లో చెప్పేవాడు:
"చేపలు ఎండేసిన వాకిట్లో ఆడుతున్నాడు మే,
బార ఏడడుగుల నాలుగు."
ఎన్నాళ్లు చూస్తావు సార్ ఒక్కొక్కర్ని?
"రెండాటలు. ఒక్కోసారి ఒకటే."
తర్వాత?
"విమానం."
కొంచెంసేపు గాలి చప్పుడు.
"పిల్లోడు మోచెయ్యి తప్పు పెడతాంటే
ఈల నోటిదాకా వస్తాది.
ఊదకూడదు. రాసుకోవల్ల."

పోయిన మార్చిలో రైలు మారడానికి దిగినాడు,
మూడో నంబరు ప్లాట్‌ఫారం, నలభై నిమిషాలు.
కదిలే పెట్టెలోంచి విసిరిన నీళ్లసీసాల కట్టను
ఒక పిల్లోడు తిరిగి చూడకుండానే
ఒంటిచేత్తో అందుకున్నాడు.
సార్ టీ గ్లాసు బెంచీ మీద పెట్టేసినాడు.
నోటుబుక్కు తీసినాడు, పెన్ను మూత తీసినాడు.
"పొద్దున కోర్టు ఎవరు తెరుస్తారు మే?"
ఎవరూ లేరు సార్. స్కూటర్లు పెడతారు.
మూత పెట్టినాడు.
తీసినాడు. మళ్లీ పెట్టినాడు.
బండి వచ్చింది. పెట్టె ఎక్కడానికి
మెట్టు ఆయనకు కొంచెం ఎత్తు.

స్కూటర్లు తీయించేకి నెల పట్టింది.
ఎర్రగడ్డల సంచి మాత్రం ఊరికే ఇచ్చినారు.
నీళ్లసీసాల పిల్లోని పేరు ఓబులేసు.
రెండు రోజులు వచ్చినాడు.
మూడోరోజు రాలేదు. బండ్లన్నీ ఆలస్యమంట,
ఎండంట, బేరం బాగుందంట.

అయిదుంబావు.
సందుల్లో గడ్డి పీకుతున్నాను,
మెడలో బజారు ఈల.
గేటు కాడ సైకిలు స్టాండు చప్పుడు.
నేను తల ఎత్తలేదు.
చెప్పులు విడిచి బండల మీదికి వస్తున్నారు ఎవరో.
ఓబులేసు కాదు.
తేలిక మనిషి.
ఎడమకాలు కొంచెం ఆలస్యం.